ఒతీలియా చేతి పీచుమాంసం

అమెరికా సరిహద్దు ఊరు ఎల్ పాసోలో ఆ జీన్స్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ గురువారం మధ్యాహ్నం భోజనాల గది అంతా ఒకే వాసన. రెండో వరుసలో వెనక జేబులు కుట్టే ఒతీలియా బర్రాసా తెచ్చిన గొడ్డు మాంసం వాసన అది. మాంసాన్ని పీచు పీచుగా విడదీసి, ఎండుమిర్చి రసంలో ముంచి, గోధుమ రొట్టెల్లో చుట్టి తెచ్చేది. మొదట తనకూ, పక్క మిషన్ మీద బెల్టు పట్టీలు కుట్టే తెన్చాకూ మాత్రమే తెచ్చేది. తర్వాత వరుసకంతా తేవలసి వచ్చింది.

ఒతీలియా మొగుడు లిబ్రాదో లారీ ప్రమాదంలో పోయేనాటికి కూతురు యెసేనియాకి నాలుగేళ్ళు. పొద్దున్నే ఆరింటికల్లా మిషన్ ముందు కూర్చోవాలి. పొయ్యి దగ్గర నిలబడి వండుకునే తీరిక ఎక్కడిది? చర్చి ఆవరణలో పాత సామాన్ల సంతలో కరెంటు మీద రోజంతా నెమ్మదిగా ఉడికించే ఒక స్లో కుక్కర్ దొరికింది. గోధుమరంగు మట్టిగిన్నె, గాజు మూత, మూడే మూడు గుర్తులున్న మీట. సాయంత్రం పూటే వెడల్పాటి నల్ల ఎండుమిరపకాయలు పెనం మీద వేయించి, వేడినీళ్ళలో నానబెట్టి, వెల్లుల్లి, జీలకర్ర, చెంచాడు వెనిగర్ వేసి నూరి ఉంచుకునేది. తెల్లారుతూనే భుజం మాంసాన్ని కొయ్యకుండా ఒకే పెద్ద ముక్కగా పెనం మీద నాలుగు వైపులా ఎర్రగా కాల్చి, గిన్నెలో దించి, నూరిన మిరప ముద్ద పోసి, రెండు బిర్యానీ ఆకులు పడేసి, మీటని కింది గుర్తు మీదకి తిప్పి తలుపు తాళం వేసేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫోర్కు ఆనిస్తే చాలు, మాంసం దానంతట అదే విడిపోయేది. మర్నాటి భోజనం డబ్బాలోకి అదే.

"మధ్యలో ఒక్కసారి మూత ఎత్తావో, అరగంట వెనక్కి పోయినట్టే" అనేది ఎవరడిగినా.

"ఎత్తడానికి ఇంట్లో ఎవరున్నారే? నువ్వా ఇక్కడ జేబులు కుడుతుంటావు" అని నవ్వేది తెన్చా. "అక్కడ అది ఉడుకుతుంది, ఇక్కడ నువ్వు ఉడుకుతావు. దానికైనా సాయంత్రానికి మీట ఆపేస్తారు."

తెన్చా నోరు అలాంటిది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మిషన్ల హోరులోనూ ఆమె మాట మూడు వరుసల అవతలకి వినబడేది. యెసేనియాని బాప్తిస్మంలో నీళ్ళ దగ్గర ఎత్తుకున్న జ్ఞానతల్లి ఆమే. లిబ్రాదో పోయినప్పుడు నలభై రోజులు ఒతీలియా ఇంట్లో పడుకుంది, తన ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని.

పంతొమ్మిదేళ్ళు ఇద్దరూ పక్కపక్కనే కుట్టారు.

కుట్టుపని చూసే మేనేజరు హాస్కెల్ అని ఒక పొడుగాటి మనిషి. ఒక గురువారం వాసన పట్టుకుని భోజనాల గదిలోకి వచ్చి, ఒతీలియా చేతిలోంచి ఒక రొట్టె చుట్ట తీసుకుని గోడకి ఆనుకుని నిలబడి తిన్నాడు. వేళ్ళు కూడా నాకాడు. తర్వాత ప్రతి గురువారం వచ్చేవాడు. "ఓటీ, నాకేం లేదా ఇవాళ?" అనేవాడు ముక్కుతో పలికే స్పానిష్‌లో. ఒతీలియాకి లోలోపల సంతోషంగానే ఉండేది. దాన్ని దాచుకోవడం కూడా చేతకాలేదు. అతనికని రసం ఎక్కువ పట్టిన ముక్కలు వేరే డబ్బాలో పెట్టి తెచ్చేది.

"దొరగారికి ముద్దలు కలిపి కూడా పెట్టవే" అంది తెన్చా.

"పోనీలేవే, తింటే మన సొమ్మేం పోయింది?"

ఒక ఏడు మార్చిలో హాస్కెల్ ఆమెను గదికి పిలిచాడు. పెద్ద ఆఫీసు నుంచి ఇరవైమంది అతిథులు వస్తున్నారు, హోటల్ తిండి వద్దు, నీ చేతి మాంసమే పెట్టాలి అన్నాడు. ఒతీలియా ఇరుగుపొరుగుల దగ్గర మరో మూడు కుక్కర్లు అరువు తెచ్చి, వంటింట్లో ఒకటి, ముందుగదిలో రెండు, స్నానాల గదిలో ఒకటి పెట్టి వండింది. ఇంటి ఫ్యూజు ఎగిరిపోతుందేమోనని దీపాలన్నీ ఆర్పేసి కూర్చుంది. అతిథులు తిన్నారు. నీలం టై కట్టుకున్న ఒకాయన రెండోసారి వడ్డించుకుని, ఎలా చేస్తారో రాసిమ్మని అడిగాడు. యెసేనియా చేత ఇంగ్లీషులో రాయించి మర్నాడు ఇచ్చింది.

భోజనాలయ్యాక అతిథులు వరుసల మధ్య తిరిగారు. ఒకరి చేతిలో కాగితం, ఇంకొకరి చేతిలో కొలిచే టేపు.

"చూశావా?" అంది తెన్చా సూది మీంచి తలెత్తకుండా. "మనుషుల మొహాలు చూడట్లేదే వాళ్ళు. మిషన్లు కొలుస్తున్నారు."

"కొత్తవి తెస్తారేమో."

"కొత్తవి తెచ్చేవాడు పాతవాటిని కొలుస్తాడుటే?"

రెండు వారాలకి హాస్కెల్ మళ్ళీ పిలిచాడు. ఈసారి తలుపు మూశాడు. కుట్టుపని మొత్తం సరిహద్దు అవతల మెక్సికోలోని తొర్రెయోన్‌కి పోతోందన్నాడు. అక్కడి ఆడపిల్లలకి వెనక జేబు పని నేర్పడానికి అలవాటైన చెయ్యి కావాలి. ఆరు వారాలు. తిరిగొచ్చాక ఇక్కడ మిగిలే నమూనాల గదిలో, కొత్త మోడళ్ళు కుట్టి చూసే చోట, ఆమెకో కుర్చీ ఉంటుంది, ఆ కుర్చీకి తనదే హామీ. ఒకటే షరతు, ప్రకటన అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదు.

"ఎవరికీ అంటే ఎవరికీ, ఓటీ."

ఆమె తల ఊపింది. ఆలోచించుకోవడానికి ఒక్కరోజు కూడా అడగలేదు. యెసేనియా అప్పుడు హైస్కూల్ ఆఖరి ఏడు. మిషన్ దగ్గరికి తిరిగొచ్చి కూర్చుంటే తెన్చా అడిగింది: "ఏమంటాడే?"

"ఇంకోసారి విందు వండమంటాడు."

పంతొమ్మిదేళ్ళలో తెన్చాతో ఆడిన మొదటి అబద్ధం అది. అంత తేలిగ్గా నోట్లోంచి రావడం ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ప్రకటన మైకులో వచ్చింది. మిషన్లన్నీ ఆపించి, ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి చదివారు. ఎవరూ ఏడవలేదు. ఎవరో ఒకామె అలవాటు కొద్దీ మళ్ళీ మిషన్ ఆడించబోయి, కరెంటు తీసేశారని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ సాయంత్రమే తెన్చా ఇంట్లో అందరూ కూడారు. గేటు ముందు కూర్చుందాం, ఆకలి దీక్ష చేద్దాం, పేపర్లవాళ్ళని పిలుద్దాం అన్నారు. అర్జీ మీద సంతకాలు మొదలయ్యాయి. రెండో సంతకం ఒతీలియాది కావాలని చోటు వదిలిపెట్టారు. అందరూ ఎరిగిన పేరు కదా.

ఒతీలియా కలం పట్టుకుంది, కింద పెట్టింది.

"మా పిన్నికి బాగోలేదు, తొర్రెయోన్ వెళ్ళాలి. వచ్చాక పెడతానే."

"సంతకం పెట్టడానికి ఎంతసేపు పడుతుందే? పెట్టేసి వెళ్ళు."

"వచ్చాక" అని బయటికి వచ్చేసింది.

తొర్రెయోన్‌లో కొత్త షెడ్డు, రేకుల పైకప్పు. నలభైమంది ఆడపిల్లలు, అందరికీ ఇరవైలోపే. వాళ్ళలో నెరెయిదా అనే పిల్ల చెయ్యి చూసి ఒతీలియా దగ్గరికెళ్ళి నిలబడిపోయింది. తనకి మూడు నెలలు పట్టిన వంపుకుట్టు ఆ పిల్ల నాలుగు రోజుల్లో పట్టేసింది. జేబు మూలకి వచ్చేసరికి బట్టని బొటనవేలితో ఎలా నొక్కాలో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది.

భోజనాల వేళ నెరెయిదా అడిగింది: "అమ్మా, ఇదంతా మాకు నేర్పేశాక మీరేం చేస్తారు?"

"నాకక్కడ వేరే పని అట్టిపెట్టారమ్మా. నమూనాల గదిలో."

"రాసిచ్చారా?"

ఒతీలియా తన డబ్బా మూత పెట్టింది. ఆ పిల్ల రెట్టించలేదు. తన డబ్బాలోంచి బీన్స్ పెట్టిన రెండు రొట్టె చుట్టలు తీసి ఒకటి ఈమె చేతిలో పెట్టింది.

ఆరు వారాలు నిండి ఎల్ పాసో తిరిగొచ్చేసరికి గేటు దగ్గర కొత్త కాపలావాడు. హాస్కెల్ ఇంకో రాష్ట్రానికి బదిలీ అయి నెల కావస్తోంది. నమూనాల గది కూడా ఎత్తేశారు. కాపలావాడు జాబితా చూసి లోపలికి వెళ్ళి ఒక కాగితపు సంచీ తెచ్చి చేతికిచ్చాడు. అందులో ఆమె కత్తెర, నడుముకి పెట్టుకునే దిండు, భోజనాల గదిలో వదిలేసిన ఉప్పు సీసా ఉన్నాయి.

"హాస్కెల్ గారి ఫోన్ నంబరైనా ఇవ్వు నాయనా."

"నాకివ్వలేదమ్మా" అన్నాడతను. పాపం, అబద్ధం కాదు.

నిరుద్యోగ భృతికి దరఖాస్తులు తీసుకునే ఆఫీసు ముందు బారు ఎండలో వీధి మలుపు దాకా ఉంది. అంతా తెలిసిన మొహాలే. తొర్రెయోన్‌లో ఆమె ఏం పని మీద ఉందో ఈ ఆరు వారాల్లో అందరికీ కబురు చేరిపోయింది. ఒతీలియా చివర్న నిలబడింది. ముందున్నవాళ్ళు ఒకరొకరే వెనక్కి చూసి, మళ్ళీ ముందుకి తిరిగారు. తెన్చా బారులోంచి బయటికొచ్చి నడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది. గేటు ముందు పదకొండు రోజులు కూర్చుని మనిషి సగమైంది.

"పిన్నికెలా ఉందే?"

"తెన్చా..."

"చచ్చిందా బతికిందా మీ పిన్ని? జేబులు కుట్టడం నేర్చుకుందా?"

"యెసేనియా కోసమే చేశానే. ఆ పిల్ల చదువు..."

"నా పిల్లలు పిల్లలు కారుటే? ఆ పిల్లని నీళ్ళ దగ్గర ఎత్తుకుంది ఎవరు? నీ చేతి కూర తిని వాళ్ళు తడిగుడ్డతో మా గొంతులు కోశారు. ఆ గుడ్డ తడిపి ఇచ్చింది నువ్వు." ఆమె గొంతు చిత్రంగా చిన్నదైపోయింది. "ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నా చెవిన వేసి ఉంటే, మైకులో చెప్పకముందే ఇంకో ఫ్యాక్టరీలో అడుక్కునేదాన్ని కదే. ఇప్పుడు మూతబడ్డ ఏడు ఫ్యాక్టరీల వాళ్ళు రోడ్డు మీదున్నారు."

ఒతీలియా కాళ్ళ దగ్గర సంచీ పెట్టి నిలబడింది. నన్ను కూడా తీసేశారే అని చెప్పాలనుకుంది. అది బారులో అందరికీ కనబడుతూనే ఉంది.

ప్రభుత్వం వాళ్ళు ఇంగ్లీషు నేర్పిస్తామన్నారు. యాభయ్యో పడిలో పిల్లల బల్లల మీద ఇరుక్కుని కూర్చుని ఒతీలియా ఏడాదిన్నర నేర్చుకుంది. పరీక్ష రెండుసార్లు తప్పింది. చివరికి ఒక బడి వంటింట్లో పని దొరికింది. వంట అంటే డబ్బాలు కోసి వేడిచేయడమే. మాంసం కూడా ముందే పీచుగా విడదీసి సంచుల్లో వచ్చేది, తియ్యగా, నమిలితే దూదిలాగా. దాన్ని పిల్లల పళ్ళాల్లో పోస్తూ ఆమె ఏనాడూ రుచి చూడలేదు. తెన్చా పడమటి కొండ మీద పెద్దవాళ్ళ ఇళ్ళు తుడిచే పనికి కుదిరిందని విన్నది.

యెసేనియా పెళ్ళికి జ్ఞానతల్లి రాక తప్పదు. తెన్చా వచ్చింది, చర్చిలో పిల్ల నుదుట శిలువ గుర్తు వేసింది, ఫోటోలో నిలబడింది. విందులో ఒతీలియా తనే పళ్ళెం పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది. పన్నెండు కిలోల మాంసం, రెండు రోజుల పని, ఎర్రగా మెరిసే రసం.

"కొంచెం తినవే."

"నాకాకలి లేదు. కంపెనీవాళ్ళెవరైనా వచ్చారేమో చూసి పెట్టు" అంది తెన్చా. ఆ బల్ల దగ్గర పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

తెన్చాకి కడుపులో పుండు ముదిరిందని యెసేనియా చెప్పేనాటికి మరో తొమ్మిదేళ్ళు గడిచాయి. ఒతీలియా ఒక పగలంతా మాంసం ఉడికించి, పలచగా రసం తీసి, గిన్నె గుడ్డలో చుట్టుకుని వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. కిటికీ పక్క కుర్చీలో తెన్చా దుప్పటి కప్పుకుని కూర్చుంది. ముక్కూ కళ్ళే మిగిలాయి.

"మూత తియ్యకు" అంది. "ఆ వాసనకి వాంతవుతుంది. నీదని కాదు, దేని వాసనకైనా."

ఒతీలియా గిన్నె ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంది. తెన్చాయే మొదలుపెట్టింది.

"నువ్వెళ్ళకపోయినా మూసేవాళ్ళేనే. అది నాకు టేపు చూసిన రోజే తెలుసు. నువ్వు కాకపోతే ఇంకొకతెని పంపేవాళ్ళు."

"మరి ఇన్నేళ్ళూ..."

"వాళ్ళ మీద కోపం ఎవరి మొహాన కొట్టనే? ఆ హాస్కెల్ ఎక్కడున్నాడో నీకు తెలుసా, నాకు తెలుసా? నువ్వు నా వీధిలో ఉన్నావు." ఊపిరి తీసుకుంది. "క్షమించాననుకోకు. నువ్వు నాకు చెప్పలేదు. అది అలాగే ఉంటుంది."

"ఉండనీ" అంది ఒతీలియా.

"గిన్నె తీసుకుపో. కడిగే ఓపిక లేదు ఇక్కడ ఎవరికీ. మళ్ళీ వస్తే మధ్యాహ్నం పూట రా, మా పెద్దమ్మాయి పనికి పోతుంది. అది నిన్ను చూస్తే గొడవ చేస్తుంది."

ఆ తర్వాత రెండు నెలలు ఒతీలియా మధ్యాహ్నాలు దొంగలా వెళ్ళి వచ్చింది. తల దువ్వేది, కాళ్ళకి నూనె రాసేది, పెదాలు తడిపేది. ఎక్కువ మాటలేం లేవు. పెద్దమ్మాయి వచ్చే వేళకి దువ్వెన ఎప్పట్లా అద్దం పక్కన పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి వచ్చేసేది. తెన్చా పోయిన కబురు ఆమెకి పక్కింటివాళ్ళు చెప్పారు.

చర్చిలో ఒతీలియా వెనక వరుసలో కూర్చుంది. ప్రార్థన మధ్యలో ఫాదర్ శవపెట్టె మీద చెయ్యి ఉంచి, ఫ్యాక్టరీలో ఆమెతో కలిసి పనిచేసినవాళ్ళు ఒకసారి లేచి నిలబడండి, అన్నాడు. ముప్పైమంది దాకా లేచారు. జుట్లు నెరిసినవాళ్ళు, కర్రలు పట్టుకున్నవాళ్ళు, ఒకామె చక్రాల కుర్చీలోనే చెయ్యెత్తింది. ఒతీలియా ముందు బెంచీ పట్టుకుని సగం లేచింది. ముందు వరుసలోని తెన్చా పెద్దమ్మాయి ఎవరెవరు లేచారో చూద్దామని వెనక్కి తిరిగింది.

ఒతీలియా చేతిసంచీ సర్దుకున్నట్టు చేసి కూర్చుండిపోయింది.