అమ్ముడుపోని తంగేడు రంగు కారు

హఫీజ్‌పేట్ రైలు గేటు పక్కన ఒక కారు నిలబడి ఉంటుంది. పైకప్పు మడిచి వెనక్కి తోసేసే పాత విలాయతీ కారు. రంగు తంగేడు పూవుది; ఎండలకు కొంచెం వెలిసింది. పెళ్లివాళ్లు దాన్ని చూస్తే ముఖం తిప్పుకుంటారు. కొత్త కోడళ్లకు అత్తలు అటు చూడొద్దని చెబుతారు. కానీ ఇంట్లో ఎవరినైనా పాము కరిస్తే, పురుడు అడ్డం తిరిగితే, ఊపిరి అందకపోతే అదే అత్తలు చెప్పుల్లేకుండా ఆ గేటు దాకా పరుగెత్తుతారు. కారులో కూర్చుని ఉండే ఎల్లేశం ఎవరని అడగడు. "ఎక్కడ?" అని ఒక్క మాట అడిగి ఇంజను తిప్పుతాడు.

ఆ కారును ఇప్పుడు ఎవరూ కొనరు. దాన్ని అట్లా చేసింది అతనే.

ఎల్లేశం తండ్రి రాళ్లు కొట్టినవాడు. మాదాపూర్ అవతల గుట్టల నడుమ కొడుక్కి ఒక చెలక వదిలిపోయాడు. అక్కడ నాగలి మోపితే నిప్పురవ్వలు ఎగిరేవి. వానాకాలంలో కూడా బండలే పచ్చగా కనిపించేవి, నాచుతో. ఎల్లేశం దాన్ని నమ్ముకోలేక పట్నంలో ఒక పాత దేవిడీలో కారు నడిపే కొలువు చూసుకున్నాడు. దేవిడీ దొరలకు రోజులు మారాయి. గుర్రాలు పోయాయి, తివాచీలు పోయాయి, చివరికి ఆ పసుపు కారు వంతు వచ్చింది. కొనేవాళ్లు రాలేదు. దుమ్ములో పడి ఉన్న దాని మీద ఒక సాయంకాలం ఎండ పడింది. గుట్టల మీద తంగేడు ఒక్కసారిగా పూసినట్టయింది ఎల్లేశానికి. మర్నాడే చెలక అమ్మకానికి పెట్టాడు. కొన్నాయన నవ్వుతూ, "గీ బండలను నేనేం జేసుకోవాలె ఎల్లేశం? రేపు నా కాడ ఎవడు కొంటడు?" అంటూనే, ఏదో దయ చూపినట్టు తీసుకున్నాడు.

మూసాపేటలో కార్ల మరమ్మతు షెడ్డు నడిపే రాజయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"అరే తమ్మీ, నీకు దిమాగ్ ఖరాబైందా? కారు కొంటె అంబాసిడర్ కొనాలె. నాలుగేండ్లు తిప్పుకో, అలసినంక అమ్ముకో, పెట్టిన పైసలు పెట్టినట్టే వస్తయ్. గిది కొంటె ఎట్ల? సామాను దొరకదు, కొనెటోడు దొరకడు. పెండ్లాం లెక్క సచ్చెదాక నీ తాన్నే ఉంటది."

"ఉండాలనే కదన్నా కొనేది."

"అక్కరపడ్డనాడు తెలుస్తది బిడ్డా."

ఇంట్లో భార్య సక్కుబాయి కూడా కారు చుట్టూ ఒకసారి తిరిగి అదే అడిగింది. "రేపు అమ్ముకోవాలంటె ఎవడు కొంటడయ్యా గీ పసుపు ముద్దను?"

"కొనేటప్పుడే అమ్ముడు ముచ్చట ఏందే? నిన్ను చేసుకునేటప్పుడు గిట్ల అడిగిన్నా, రేపు ఎవడన్న తీసుకపోతడా అని?"

"అడగకపోతివి. మా నాయిన మంచిగ జవాబు చెప్పెటోడు."

ఆమె నవ్వితే కారు అద్దంలో ఆ నవ్వు వంకరగా, పెద్దగా పడింది. అది చూసి ఇద్దరూ మళ్లీ నవ్వారు.

ఆ కారుకు పని పెళ్లిళ్లలో దొరికింది. కప్పు లేని కారులో పెళ్లికొడుకు నిలబడితే ఊరంతా చూడొచ్చు. నార్సింగి నుంచి మూసాపేట దాకా ఏ ఊరేగింపయినా ముందు బ్యాండు, వెనక ఎల్లేశం. ఆ కారెక్కిన జంట ఏడాది తిరక్కుండా ఊయల కడుతుందని ఒక మాట పుట్టింది. పిల్లలు లేని సక్కుబాయి ఆ మాట విని, రోజూ కారు తుడుస్తూ ముందు సీటులో కాసేపు కూర్చునేది. ఎవరూ చూడటం లేదనుకునేది.

పెళ్లికారుకు ఒక కట్టుబాటు ఉంది. అందులో శవం ఎక్కకూడదు. చావుబతుకుల్లో ఉన్న మనిషీ ఎక్కకూడదు. దారిలో ప్రాణం పోతే, ఆ కారును ఏ పెళ్లివాళ్లూ గుమ్మం ముందుకు రానివ్వరు. కొండాపూర్‌లో ఒకసారి నెత్తురు కక్కుతున్న ముసలాయన్ని దవాఖానకు తీసుకుపొమ్మంటే ఎల్లేశం చేతులు జోడించి తప్పుకున్నాడు. ఆ పూట సక్కుబాయి అతనికి అన్నం పెట్టింది గాని పక్కన కూర్చోలేదు.

తర్వాత ఆమెకే ఆయాసం మొదలైంది. ముందు బావి దగ్గర, తర్వాత గుమ్మం దగ్గర, చివరికి పడుకున్న చోటే. చిన్నప్పటి కీళ్ల జ్వరం గుండెలో నెత్తురు పోయే తలుపును ఇరుకు చేసిందని సర్కారు దవాఖాన డాక్టరు చెప్పాడు. వేలూరు పెద్ద దవాఖానకు పోయి ఆపరేషన్ చేయించాలి, ఆలస్యం చేయొద్దు అన్నాడు.

అమ్మడానికి ఎల్లేశం దగ్గర కారు తప్ప ఇంకేమీ లేదు.

అతను దాన్ని కడిగి, కొబ్బరినూనె గుడ్డతో మెరుగుపెట్టి, ఊరూరా తిప్పాడు. నార్సింగి కల్లు గుత్తేదారు తలుపు మీద వేలితో టకటకమని కొట్టి, "అంబాసిడరైతే గిప్పుడే తీసుకుంటుంటి" అన్నాడు. టాక్సీలవాళ్లు బానెట్టు ఎత్తి చూసి, పాత శవపేటిక మూసినట్టు మెల్లగా మూసేశారు. ఒకాయన కొనకుండానే పెళ్లాం పిల్లలను ఎక్కించి ఒక చుట్టు తిప్పించుకుని దిగిపోయాడు. తనను పిచ్చివాణ్ణి చేసిన ఆ రంగు ఎల్లేశానికి కళ్లలో గుచ్చుకోసాగింది. దారి పొడుగునా తంగేడు పూసి ఉంటే తల దించుకుని నడిపేవాడు. తనకు నచ్చినందుకు కొన్నాడు. ఆ నచ్చడానికి ఇప్పుడు సక్కుబాయి ఊపిరిని వెలగా కట్టాల్సి వస్తోంది. రాజయ్య ఒక్కసారి కూడా "నేను చెప్పలేదా" అనలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

కొనేవాణ్ణి తెచ్చింది కూడా రాజయ్యే. యజ్ఞనారాయణ తెనాలి నుంచి వచ్చి మూసాపేటలో పందిళ్లు, బ్యాండు మేళం, పెళ్లి సామాను అద్దెకిచ్చే దుకాణం పెట్టుకున్నాడు. కారు చుట్టూ తిరిగి, సీటు మీద అరచెయ్యి వేసి నిమిరాడు.

"మళ్లీ అమ్మితే ఎంతొస్తుందని నేను చూడనయ్యా. దీని చెయ్యి మంచిదంటున్నారు, నాకదే కావాలి. ఒక్కటే మాట. ఇందులో ప్రాణం పోయేవాళ్లెవర్నీ ఎక్కించలేదు కదా?"

"లేదు సారూ. మా సక్కుబాయి మీద ఒట్టు."

"అంత పెద్ద ఒట్టెందుకయ్యా! శుక్రవారం పొద్దున్నే డబ్బు తీసుకుని వస్తాను. పసుపు కుంకుమలు పెట్టి ఉంచు."

ఇంటికి వచ్చి చెబితే సక్కుబాయి, "వేలూర్ల సముద్రముంటదా?" అని అడిగింది. అతనికి తెలియదు. ఉంటుందన్నాడు.

గురువారం మధ్యాహ్నం ఆమె గోడకు ఆనుకుని కూర్చుని లేవలేకపోయింది. ఛాతీ పైకి లేస్తోంది గాని గాలి లోపలికి పోవడం లేదు. పెదవులు నేరేడు పండ్లలా నల్లబడ్డాయి. పట్నం పోయే రైలు సాయంత్రం దాకా లేదు. ఎల్లేశం ఆమెను ఎత్తుకుని కారు దగ్గరికి తెచ్చాడు. ఆమె తలుపు పట్టుకుని లోపలికి ఒరగకుండా బిగుసుకుంది.

"వద్దు. ఎడ్లబండి కట్టు."

"బండి పట్నం చేరేసరికి పొద్దు గుంకుతదే!"

"గీ కారుల నాకేమన్నయితె? రేపు గాయన కొంటడా? కారు పాయె, వేలూరు పాయె."

"నువ్వే లేకుంటె వేలూరెందుకే!"

"కారమ్మకుంటె నేనెట్లుంట?"

ముడి అక్కడ బిగుసుకుంది. ఎటు లాగినా అతని మెడకే బిగిసేది. అతను నేల మీద కూర్చుని ఏడ్చాడు. కాసేపటికి ఆమే తల మీద చెయ్యి వేసింది.

"లేయ్. పెండ్లికి పోయినట్టు పోదాం. ఎవడడుగుతడు?"

పెట్టెలో అడుగున ఉన్న పెళ్లినాటి చీర అతనే తీసి చుట్టబెట్టాడు. ముఖానికి పసుపు రాశాడు, నుదుట కుంకుమ పెట్టాడు. పెదవుల నలుపు దాయడానికి ఆమె ఆకూవక్కా నమిలింది. నమలడానికి కూడా ఆగి ఆగి ఊపిరి తెచ్చుకుంది. అతను తలకు ఎర్ర రుమాలు చుట్టి, నాలుగు తంగేడు కొమ్మలు విరిచి కారు ముందు కట్టాడు. కప్పు వెనక్కి తోసి, దిండ్లు వేసి ఆమెను కూర్చోబెట్టాడు.

రైలు గేటు దగ్గర గేటు మనిషి నవ్వాడు. "ఎవరి పెండ్లి ఎల్లేశం?"

"మాదే" అంది సక్కుబాయి.

గేటు మనిషి పగలబడి నవ్వుతూ గేటు ఎత్తాడు. దారి అంతా గుట్టలు. ఒకదాని మీద ఒకటి నిలబడిన బండలు వెనక్కి వెనక్కి నడుస్తున్నాయి. నాట్లు వేసి వస్తున్న ఆడవాళ్లు కారు ఆపి పెళ్లి ఇనాం అడగబోతే ఆమె చెయ్యి ఊపింది. గాలి ఆమె ముఖానికి కొడుతోంది. అంత గాలిలో ఆమెకు కావలసిన గుక్కెడు గాలి లేదు.

మూసాపేటలో యజ్ఞనారాయణ తన దుకాణం ముందు రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపాడు. తన కారు తనకు ఎదురొచ్చినట్టు అతని ముఖం వెలిగిపోయింది. ఎల్లేశం పక్కకు తిప్పి వెళ్లిపోవచ్చు. చావుబతుకుల్లో ఉందని ఒక్క కేక వేయొచ్చు. ఎల్లేశం బ్రేకు తొక్కాడు.

"ఆగవయ్యా! రేపు నాదయ్యే కారు, దండ లేకుండా పోనిస్తానా?" అని లోపలికి కేకేశాడు. దండ వచ్చేసరికి ఆలస్యమైంది. అది పొట్టిదని మరొకటి తెప్పించాడు. కట్టడానికి దారం వెతికారు. "ఏవమ్మా చెల్లెమ్మా, ఏ ఊరు పెళ్లికి?"

సక్కుబాయి వక్క రసం మింగి, ఎర్రటి పళ్లతో నవ్వింది. "మా అమ్మగారింటికే అన్నా. జర... దూరం."

"ఎండగా ఉంది, సోడా తాగి వెళ్లండి."

"తాగినట్టే అన్నా."

కారు కదిలాక ఆమె తల సీటు మీదికి వాలిపోయింది. అతను పిలిస్తే కళ్లతో పలికింది. దవాఖాన గేటు ముందే అతని భుజం గిల్లింది. "ఆపు. దించు. నేల మీద నిలబెట్టు." ఎత్తుకుపోతానన్నా ఒప్పుకోలేదు. పట్టు చీర దుమ్ములో ఈడుస్తూ, అతని మెడ పట్టుకుని, కొంచెం నడిచింది. మెట్ల దగ్గర కూలబడింది. మంచం మోసేవాళ్లు వచ్చేలోపల అతని చెవి దగ్గర అంది: "కారుల పోలే. గుర్తుంచుకో."

ఆమెను లారీలో ఇంటికి తెచ్చారు. లారీ రాజయ్య మాట్లాడాడు. ఆమె మాట నిలబెట్టాలని ఎల్లేశం ఖాళీ కారును, పూలదండలతోనే, లారీ వెనక నడుపుకుంటూ వచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే యజ్ఞనారాయణ వచ్చాడు. గేటు దగ్గరే వార్త విన్నట్టున్నాడు, చెప్పులు దూరంగా విడిచి వచ్చి ఎల్లేశం పక్కన నిలబడ్డాడు. "ఎంత నవ్వుతూ మాట్లాడిందయ్యా నాతో" అన్నాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కారు తలుపు మీద చెయ్యి ఆనించి, చిన్నగా అడిగాడు.

"కారులో కాదు కదా?"

"కాదు సారూ" అన్నాడు రాజయ్య. "నడుసుకుంట దిగింది. దవాఖాన మెట్ల కాడ పోయింది. మంది చూసిండ్రు."

"కారులనే పోయింది" అన్నాడు ఎల్లేశం.

యజ్ఞనారాయణ చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

"ఎందుకన్నవురా గట్ల?" రాజయ్య అతని భుజాలు పట్టి ఊపాడు. "ప్రాణం బిగబట్టి దిగింది కదరా నీ కోసం! ఇగ దీన్ని కుక్క గూడ వాసన చూడదు."

ఎల్లేశం ఎండిపోయిన దండ ముడి విప్పుతూ ఉన్నాడు. ఆ దారం గట్టిగా కట్టారు, రావడం లేదు.

"నేను కారు ఆపిన కాడనే పోయిందన్నా. గాయన దుకాణం ముంగట. మెట్ల దాక నడిచింది ఊకెనే, నా ఫికర్‌తోని."

తర్వాత అతను కప్పు వెనక్కి తోసి, దిండ్లు సర్ది, ఆమెను కారులోనే వల్లకాటికి తీసుకుపోతానన్నాడు. పెద్దవాళ్లు వద్దన్నారు. వినలేదు. తంగేడు కొమ్మలు ఇంకా ముందు కట్టి ఉన్నాయి, పూలు రాలుతూ. గేటు మనిషి ఈసారి టోపీ తీసి పట్టుకుని, దూరంగా రైలు కూత వేస్తున్నా గేటు ఎత్తి, కారు పట్టాలు దాటేదాకా అట్లాగే నిలబడ్డాడు.