అమ్మ గిల్లిన మొగ్గలు

గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో పెరిగినవాళ్లకు సాయంత్రమంటే మొగ్గలు గిల్లే వేళ. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఏరి, బొటనవేలి గోరుతో రేకులూ పుప్పొడీ ఒలిచేసి, లోపలి సన్నటి కాడను మాత్రం గీత పడకుండా వదలాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఆ కాడకు రుద్దితే విత్తనం కాయ పడుతుంది. ఇటిక్యాల దగ్గర మా ఊళ్లో ఈ పనికి మా అమ్మను మించిన చెయ్యి లేదు. కూతురిని కదా అని గొప్పలు పోవడం లేదు. శ్రావణం రాగానే మా గడప ముందు నిలబడి బతిమాలిన రైతులందరూ అన్న మాటే.

ఆ రోజుల కోసం అమ్మ బొటనవేలి గోరు పెంచుకునేది. నేను ముట్టుకోబోతే "ఏయ్, ఇరుగుతది, జరుగు!" అని కసిరేది. నేను గిల్లితే కాడ తెగిపోయేది. "నీ చేతులల్ల దయ్యముందే" అని నవ్వి నన్ను గట్టు మీద కూర్చోబెట్టేది. మొగ్గల పసరుకు అమ్మ వేళ్లు నల్లబడేవి. వాటితోనే జొన్నరొట్టె తుంచి నోట్లో పెడితే నాలుకకు చేదు తగిలేది. ఆ చేదు కోసం ఇప్పుడెంత వెతికినా దొరకదు.

నాకు పెళ్లై గద్వాలలో కాపురం పెట్టాక, అలాంటి చేతికి వణుకొచ్చింది. ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం ఒళ్లో పడేది. అమ్మ గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టింది. అది చూస్తే నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చేది. ఎవరి మీదో తెలియదు.

కర్నూలులో నరాల డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. మెదడులో ఒక రసాయనం తయారుచేసే కణాలు చచ్చిపోతున్నాయని, అక్కడ వాపులాంటిది కూడా ఉంటుందని, ఆ వాపును ఆపితే జబ్బు ఆగుతుందేమోనని ఇంకా పరిశోధనలు చేస్తూనే ఉన్నారని ఓపిగ్గా చెప్పాడు. అమ్మ అంతా విని, "వాపైతే పసుపు పెట్టి కట్టొచ్చు సారూ. నెత్తి లోపల్కి ఎట్ల కడ్తం?" అంది. డాక్టరు నవ్వేశాడు. ఇప్పుడిచ్చే మందులు ఆ రసాయనం లోటును పూడుస్తాయి తప్ప జబ్బును ఆపవన్నాడు.

మొదటిచ్చిన మాత్రకు తోడు రెండో రకం కలిపాక అమ్మ లేచింది. నిజంగానే లేచింది! వారంలో గోడ వదిలి నావైపు తిరిగి తిన్నది. నెల తిరక్కుండా గోరు పెంచి చేనుకు నడిచింది. నేను రోజూ సాయంత్రం గద్వాలలో డ్యూటీ దిగగానే బస్సెక్కి పోయి గట్టు మీద కూర్చునేదాన్ని. అమ్మ సాళ్ల మధ్య వంగి గిల్లుతూ పాత ముచ్చట్లన్నీ తవ్వేది. ఆ రెండు నెలలు నాకు పెళ్లయిందనీ పిల్లలున్నారనీ మరిచిపోయాను.

గిల్లడం మితిమీరుతోందని కనిపించింది. కనిపించలేదంటే అబద్ధం. ఇంటి ముందు మందారానికి ఒక్క మొగ్గ మిగిలేది కాదు. అన్నానికి పిలిస్తే "అయిపోయె, అయిపోయె" అంటూ కదిలేది కాదు. పరీక్షకు పోయినప్పుడు డాక్టరు అడగనే అడిగాడు. "ఒకే పని పదేపదే చేస్తున్నారా? ఆపమంటే ఆపలేకపోతున్నారా? ఈ మాత్రతో కొందరికి అలా అవుతుంది." అమ్మ నావైపు చూసింది. "లేదు సార్, మంచిగున్నది" అన్నాను. చెబితే మాత్ర తగ్గిస్తాడు, అమ్మ మళ్లీ గోడవైపు తిరుగుతుంది. అది చూడడం నావల్ల కాదు.

పది రోజులకు పక్కచేను పెద్దమ్మ ఫోను చేసింది. "పిల్లా, జల్ది రా. మీ అమ్మ నా చేన్ల పడ్డది." పోయి చూద్దును కదా, రెండు సాళ్లలో ఒక్క మొగ్గ లేదు. ఇంకా గింజంత కూడా లేని పసిమొగ్గలు సైతం నేలంతా పడి ఉన్నాయి. అమ్మ గోరు చీలి నెత్తురు కారుతోంది. పెద్దమ్మ ఒక్క మాట తిట్టలేదు. అమ్మ చేతులు రెండూ తన కొంగులో చుట్టి గట్టిగా పట్టుకుని కూర్చుంది. "నా చేను పోతే పోనీ, ముందుగాల దీన్ని దవాఖానకు తీస్కపో" అని ఏడ్చింది.

మర్నాడు డాక్టరుకు అంతా చెప్పాను. మెల్లమెల్లగా మాత్ర తగ్గించాడు. గిల్లడం ఆగింది, చేతులు బిగుసుకున్నాయి. ఇప్పుడు అమ్మ గద్వాలలో నా దగ్గరే ఉంటోంది. ముద్దలు నేనే పెడుతున్నాను.

మొన్న అన్నం పెడుతూ ఇక దాచలేక చెప్పేశాను. "అమ్మా, ఆ దినం డాక్టరు అడిగితే నేను కావాల్ననే అబద్ధం చెప్పిన."

అమ్మ ముద్ద మింగింది. "నాకు తెల్వదా బిడ్డా. చేతులు నా మాట ఇంటలేకుండె. మస్తు భయమైతుండె."

"మరి నువ్వన్న చెప్పొద్దా!" అని అరిచాను.

"ఎట్ల చెప్తనే? గన్ని దినాలకు నువ్వు నవ్వుతుంటివి."