మేజర్ భుజం మీది నక్షత్రం

2003 అక్టోబరులో నేను ఒక తెలుగు దినపత్రికకు లండన్ విలేకరిని. ఈస్ట్ హామ్‌లో ఒక కిరాణా దుకాణం పైనున్న ఫ్లాట్‌లో మకాం. తెల్లదొరల కాలంలో మన వైపు పనిచేసిన బ్రిటిష్ సైనికాధికారి ఒకరి గురించి ఆదివారం అనుబంధానికి రాయమని డెస్క్ పురమాయించింది. షెఫీల్డ్‌లో డాక్టరుగా ఉన్న గుంటూరు అమ్మాయి కల్యాణి, తనకు పరిచయమున్న ఒక పెద్దావిడ తండ్రి బళ్లారిలోనూ వాల్తేరులోనూ ఉన్నాడని చెప్పి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

పెద్దావిడ పేరు మార్గరెట్. డబ్బై దాటాయి. బల్ల మీద తండ్రి సర్వీసు రికార్డు, ఉత్తరాలు, రెండు ఫొటోలు పరిచి ఉంచింది. రికార్డు నకలు ఒకటి నాకిచ్చింది. యుద్ధకాలంలో తీసిన మొదటి ఫొటోలో ఆయన భుజం మీద కిరీటం, నక్షత్రం ఉన్నాయి. అది లెఫ్టినెంట్ కల్నల్ గుర్తు. ఏడాది తిరక్కుండా వాల్తేరులో తీసిన రెండోదానిలో కిరీటం ఒక్కటే. అంటే మేజర్, ఒక మెట్టు కింద. ఎందుకు దిగాడో ఆయన ఇంట్లో ఎన్నడూ చెప్పలేదట. ఈ కాగితాలను ఒక మ్యూజియం అడుగుతోందని, తండ్రి తప్పు చేసి ఉంటే మాత్రం ఇవ్వనని, పొయ్యిలో వేస్తానని ఆమె అంది.

రికార్డు మూడుసార్లు చదివాను. కోర్టు మార్షల్ లేదు, మందలింపు లేదు. బెటాలియన్ అప్పగించారు, మలేరియాతో ఆస్పత్రిలో చేరాడు, తర్వాత మేజర్. నాకేమీ బోధపడలేదు. రాయకుండా వదిలేశారంటే తప్పు పెద్దదే అయి ఉంటుందనిపించింది. కల్యాణి తెలుగులో మెల్లగా అడిగింది.

"అంకుల్, పనిష్‌మెంటేనా?"

"అలాగే కనిపిస్తోందమ్మా."

మార్గరెట్‌కు తెలుగు రాదు. మా మొహాలు చూసి కాగితాలు పెట్టెలో పెట్టేసింది.

తిరుగు రైల్లోనే, ఆయన హోదా తగ్గించారన్న వాక్యం రాసేశాను. పంపేముందు తెలిసిన మరొకరిని అడగడం మా వృత్తి నియమం. మర్నాడు పొద్దున్నే, లీసెస్టర్‌లో కొడుకు దగ్గర ఉంటున్న కడప సుబేదారుకు ఫోన్ చేశాను. మన సైన్యంలో రికార్డుల పని చూసి రిటైరైన మనిషి. నా దగ్గరున్న నకలులో హోదాకు ముందు చిన్నక్షరాల్లో ఏముందో చదవమన్నాడు. యాక్టింగ్ అని ఉంది.

"అది కుర్చీకిచ్చిన హోదా సార్. కుర్చీ దిగితే అదీ దిగుతాది. ఆయప్ప జరమొచ్చి వారాలకొద్దీ మంచాన పడినాడు, బెటాలియన్ ఇంకొకరికిచ్చినారు. దీన్ని శిక్షంటే నన్ను మూడుసార్లు శిక్షించినట్లే గదా. మీ ఆఫీసులో ఇట్లాంటివి లేవా?"

ఉన్నాయి. న్యూస్ ఎడిటర్ సెలవులో ఉండగా నాలుగు నెలలు నేనే ఇన్‌చార్జిగా చేసి, మళ్లీ నా సీటుకు వచ్చి కూర్చున్నాను. ఎవరూ దాన్ని శిక్ష అనుకోలేదు.

వెంటనే మార్గరెట్‌కు ఫోన్ చేసి చెప్పాను. అంతే అయితే నాన్న ఆ ముక్క మాకెందుకు చెప్పలేదని అడిగింది. తర్వాత, వాల్తేరు ఫొటోను నిన్న సాయంత్రమే కాల్చేశానని అంది.

మిగిలిన కాగితాలు మ్యూజియానికి వెళ్లాయి. ఆ పెట్టెలో మిగిలిన ఒక్క ఫొటోలో ఆయన ఎప్పటికీ లెఫ్టినెంట్ కల్నలే.

పంపేముందు అడగాలన్న నియమం నాకు మొదటినుంచీ ఉంది. మాట్లాడేముందు అడగాలన్న నియమం లేదు. అది ఆ అక్టోబరులో పెట్టుకున్నాను.