లెక్కలోకి రాని ఆటకి వెళ్ళినవాళ్ళం

ఒమాన్‌లోని అల్ ఖువైర్‌లో మా ఆఫీసు వెనక కొత్త రోడ్డు వేస్తున్నారు. మధ్యాహ్నం ట్యాంకరు వచ్చి కంకర మీద నీళ్ళు చల్లగానే, వేడి రాయి, దుమ్ము, ఉప్పుగాలి కలిసిన వాసన కిటికీ సందుల్లోంచి లోపలికొస్తుంది. పక్కసీట్ల వాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడతాను. నా చిన్నప్పుడు సీబ్‌లో, శుక్రవారం సాయంత్రప్పూట అసర్ నమాజు అయ్యాక, కాలేజీ వెనక గడ్డిపోచ కూడా మొలవని ఫుట్‌బాల్ మైదానాన్ని సరిగ్గా ఇలాగే తడిపేవారు.

మాది నర్సాపురం. అమ్మ సీబ్‌లో ఒక క్లినిక్‌లో నర్సు, నాన్న ఆ కాలేజీకి బస్సు డ్రైవరు. మాకు ఆదివారం అంటే శుక్రవారమే. ఆ పొద్దున అమ్మ గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుంటే, నాన్న తలకి కొబ్బరినూనె రాసుకుని పాపిడి తీసుకుంటే, ముగ్గురం అద్దెహాల్లో జరిగే తెలుగు ఆరాధనకి వెళ్ళి, తిరిగొచ్చేసరికి పొద్దున్నే చేపల బజారు నుంచి తెచ్చి వండిన వంజరం పులుసు ముక్కలకి పట్టి, మూత తియ్యగానే చింతపండు వాసన మెట్లదాకా కొట్టేది. క్రిస్మస్‌కి అమ్మ గులాబీపువ్వులు వండి పక్కింటి ఒమానీ వాళ్ళకి పంపితే, రంజానుకి వాళ్ళింటి నుంచి కుంకుమపువ్వు వేసిన హల్వా, వేళ్ళకంటుకుని ఒక పట్టాన వదలనిది, మట్టిగిన్నెతో సహా వచ్చేది. చలికాలమంతా మేడమీద శీతలపానీయాల మూతలతో ఆడేదాన్ని. మార్చి వచ్చిందంటే మాత్రం నా మనసంతా మైదానం మీదే.

కాలేజీ జట్టు ఎప్పుడూ ఓడిపోయేది. ఒక ఏడాదైతే ఒక్క గోలు కూడా కొట్టలేదు. ఊళ్ళో ఆటలకి నాన్న నన్ను డ్రైవరు సీటు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. వెళ్ళేటప్పుడు బస్సంతా డప్పులు, పాటలు. వచ్చేటప్పుడు డప్పులు సీట్ల కిందికి పోయేవి. కెప్టెన్ సాలిం, కొండల్లోని ఏదో పల్లెనుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడు, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేవాడు. నాన్న దారిలో బస్సు ఆపి అందరికీ యాలకుల టీ ఇప్పించేవారు.

"ఓడిపోయేవాళ్ళ వెంట ఎందుకు నాన్నా?" అని ఒకసారి అడిగాను.

"గెలిచినోళ్ళ వెంట ఎవడైనా ఉంటాడే. ఈళ్ళని ఇంటికి దింపేది మనవే కదా" అన్నారు.

ఎండలు ముదిరే ముందు, మార్చిలో, జట్టు రెండుగా చీలి ఎర్రచొక్కాలు, తెల్లచొక్కాలు వేసుకుని తమలో తామే ఒక ఆట ఆడేది. వచ్చే సీజనుకి ఎవరు పనికొస్తారో చూసుకోవడానికి. దానికి కప్పు లేదు, పాయింట్లు లేవు, చూడటానికి నాన్న, నేను, టీకొట్టు మలయాళీ తప్ప ఎవరూ లేరు. నాకు అన్నిటికన్నా ఆ ఆటే ఇష్టం. కాలేజీ ఓడిపోని రోజు ఏడాదికి అదొక్కటే.

నాకు పదేళ్ళప్పుడు కాలేజీకి కొత్త మేనేజరు వచ్చాడు. ఒకరోజు బస్సులో వెనక కూర్చుని ఎవరితోనో, "చూసేవాడు లేని జట్టు దేనికి? మార్చి ఆటకి వచ్చి చూస్తా, మైదానం ఖాళీగా ఉంటే జట్టు తీసేద్దాం" అనడం నాన్న విన్నారు. ఆ సాయంత్రం అమ్మకి అది చెప్పి, అన్నం సరిగా తినలేదు. అమ్మ కంచం కేసి చూసి, "ఏవండీ, మైదానం నిండితే చాలు కదా?" అంది.

శుక్రవారం ఆరాధన ముగిశాక, చెప్పులు వేసుకుంటున్న జనం మధ్యలో అమ్మ గట్టిగా చెప్పింది. "సాయంత్రం మా కాలేజీ పిల్లల ఆట ఉంది, అందరూ రండి." సంఘపెద్ద ప్రకాశం గారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"బంతాటేంటండీ సిస్టర్ గారూ, ఆరాధన రోజున! పోనీ అదేవన్నా లెక్కలోకొచ్చే ఆటా?"

"ఆరాధన అయిపోయిందండి. లెక్కలోకి రాని పిల్లల దగ్గరికే వెళ్తున్నాం. మీరూ రండి" అంది అమ్మ, కొంగు దోపుకుంటూ. క్లినిక్‌లో డాక్టరు ముందు కూడా గొంతు పెంచని మనిషి. నేను నోరు తెరుచుకుని చూశాను.

హాల్లో వెనక వరసలో కూర్చునేవాళ్ళు కడప నుంచీ గోదావరి వైపు నుంచీ వచ్చి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. వారానికి ఒక్క శుక్రవారమే, అదీ చీకటి పడేదాకానే, వాళ్ళకి సెలవు. అందులో ఓబులమ్మత్త లేచింది.

"ఈ ఒక్క దినం మాది. యాడికి పోవల్లో మేం చెప్పుకుంటాం. పాండి, పోదాం!"

మధ్యాహ్నం నాన్న ఎవరినీ అడక్కుండా కాలేజీ బస్సు తెచ్చి హాలు ముందు పెట్టారు. అలా చెయ్యకూడదని ఆయనకి తెలుసు. అయినా రెండు ట్రిప్పులు కొట్టారు. ఎవరో డబ్బాలో పులిహోర తెచ్చారు, ఎవరో మరమరాలు. తడిసిన కంకర చుట్టూ రంగురంగుల చీరలు నిలబడేసరికి, బయటికొచ్చిన సాలిం బూటు తాడు కట్టుకోవడం మరిచిపోయి అలాగే చూశాడు.

"పాపా, మన టీం ఏది? ఎర్రదా, తెల్లదా?" అడిగింది ఓబులమ్మత్త.

"రెండూ మనవే అత్తా."

"అట్లయితే ఇద్దరికీ అరుచ్చాం!"

అరిచారు. బంతి ఎటుపోతే అటు అరిచారు. గోలు పడితే అరిచారు, ఆపితే అరిచారు, సాలిం జారిపడితే "అయ్యో నాయనా" అని నలుగురు ముందుకురికారు. ఆ కేకలకి పక్క సందుల్లోని ఒమానీ పిల్లలూ, సైటు నుంచి వస్తున్న కార్మికులూ ఆగిపోయారు. ప్రకాశం గారు కూడా చివరికి గొడుగు వేసుకుని వచ్చి, దూరంగా నిలబడి, రెండో గోలుకి చప్పట్లు కొట్టేశారు.

మేనేజరు నాన్నని పిలిచాడు. "ఎవరు వీళ్ళంతా? బస్సు ఎవరినడిగి తీశావు?"

"జుమ్‌హూర్ సార్" అన్నారు నాన్న. ప్రేక్షకులకి అరబీలో ఆ మాట. బస్సులో కుర్రాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. "జట్టు జనం. బస్సు తీసింది నేనే. ఏం చేస్తారో నన్నే చెయ్యండి."

జట్టు మిగిలింది. నాన్నకి హెచ్చరిక కాగితం ఇచ్చి, జట్టు బస్సు నుంచి తీసేసి స్టాఫు డ్యూటీకి మార్చారు. ఆ కాగితం అమ్మ ఇనపపెట్టెలో దాచలేదు, చింపలేదు. వంటింట్లో గోడకి అతికించింది. ఓడిపోయిన కుర్రాళ్ళకి టీ ఇప్పించే పని పోయినందుకు నాన్న చాలా రోజులు బాధపడ్డారు. మరుసటి మార్చి నుంచి మాత్రం మామూలు మనిషిలా నడిచి మైదానానికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆయన వెంట మేం, మా వెంట ఏడాదికేడాది ఇంకొంతమంది.

ఇప్పుడు అక్కడ పచ్చటి కృత్రిమ గడ్డి, దీపస్తంభాలు, చుట్టూ ఎత్తయిన కంచె. ఆ మార్చి ఆటకి ఇప్పుడు లీగు ఆటలకన్నా ఎక్కువ జనం. నెల ముందే ఫోనులో పాసులు తీసుకోవాలి, విద్యార్థులకీ వాళ్ళ కుటుంబాలకీ, అతిథులకీ మాత్రమే ఇస్తారు. టీకొట్టు లేదు. పులిహోర డబ్బా లోపలికి రానివ్వరు. ఓబులమ్మత్త కడపలో కూతురి దగ్గరుంది. వీసా ముగిశాక నర్సాపురం వెళ్ళి చేపల వ్యాపారంలో దిగిన అమ్మానాన్నలు ఆట రోజు ఫోన్ చేసి, ఎవరు గెలిచారని కాదు, ఎంతమంది వచ్చారని అడుగుతారు.

ఈ ఏడు ఆఫీసు తరఫున నాకు అతిథుల పాసు వచ్చింది. గేటు దగ్గరికి వెళ్ళేసరికి, కంచె బయట రాజోలు వైపు అమ్మాయిలు ముగ్గురు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, శుక్రవారం సెలవు పెట్టుకుని వచ్చి తీగల సందుల్లోంచి చూస్తున్నారు. పాసు లేదని వెళ్ళిపొమ్మన్నారట. అందరినీ లోపలికి పంపమని కాలేజీకి నేను రెండుసార్లు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. పాసున్న ఫోను సంచిలో పడేసి వాళ్ళ పక్కన నిలబడ్డాను.

"మేడం, లోపల కుర్చీలున్నాయి" అన్నాడు సెక్యూరిటీ అతను హిందీలో.

"ఉండనీ. ఇక్కణ్ణుంచి అరిస్తే కూడా ఆడేవాళ్ళకి వినబడుతుంది" అన్నాను.

బంతి మా వైపు దొర్లింది. నలుగురం కంచె పట్టుకుని అరిచాం.