వరదానం గారి దెయ్యాల విచారణ

వరదానం గారికి ఒకే ఒక్క పిచ్చి. ఎక్కడికి వెళ్ళినా, ఎవరు ఎదురైనా, కుశలప్రశ్నలు అయ్యీ అవకముందే "ఇక్కడ దెయ్యాలేమన్నా ఉన్నాయాండీ?" అని అడుగుతారు. మామూలు మనిషి అడిగితే సరదా అనుకోవచ్చు. ఆయన ఎమ్మెల్యే. పైగా ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి.

అత్తిలిలో ఆస్పత్రి వార్డు ప్రారంభించడానికి పిలిస్తే, రిబ్బను కత్తిరించిన కత్తెర చేతిలో ఉండగానే నర్సుని అడిగారు. ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీ వాళ్ళని అడిగారు. ఎన్నికల ప్రచారంలో కూడా ముందు దెయ్యాలు, తరవాతే ఓట్లు. "లేవండీ" అంటే మొహం చిన్నబుచ్చుకునేవారు. "ఉందండీ" అన్నారా, కుర్చీ ముందుకి లాక్కుని "ఎలా ఉంటది? ఎప్పుడొస్తది? ఎవరిని పట్టుకుంటది?" అని పెళ్ళిసంబంధం వాకబు చేసినట్టు అన్నీ కనుక్కునేవారు. పాస్టరు గారు మందలిస్తే, "నేను నమ్మట్లేదండి, వింటున్నానంతే" అనేవారు.

ఇలాంటి మనిషితో ఒకే జీపులో తిరగాల్సి రావడం విజయకుమారి ఖర్మ. ఆమె శాసనసభ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు. నేరాల్లో చిక్కుకున్న పిల్లల్ని ఉంచే హోములు కొత్త చట్టం ప్రకారం నడుస్తున్నాయో లేదో చూసి రమ్మని 2007లో సభ ఒక కమిటీని వేసింది; వరదానం గారు అందులో సభ్యుడు. ఆ కమిటీ వెంట తిరిగి నివేదిక రాయడం ఆమె పని. చట్టం ఆమెకి కంఠతా వచ్చు. దెయ్యాలంటే మాత్రం ప్రాణభయం. పక్కింట్లో ఎవరైనా పోతే పదకొండో రోజు దాకా వంటింట్లోకి ఒంటరిగా వెళ్ళని మనిషి.

డిసెంబరు నెల. తాడేపల్లిగూడెం గెస్ట్‌హౌసులో టిఫిన్లు చేసి బయల్దేరిన జీపు ఏలూరు దాటి కొల్లేటి దారి పట్టేసరికి మంచు కమ్మేసింది. తొమ్మిదైనా సూర్యుడి జాడ లేదు. అంతకు ముందు ఏడాది ప్రభుత్వం కొట్టించేసిన చేపల చెరువుల గట్లు విరిగిన పళ్ళలాగా కనిపిస్తూ మాయమవుతున్నాయి. ముందు సీట్లో కమిటీ అధ్యక్షుడు శేషగిరిరావు గారు మధ్యాహ్నం దొరకబోయే కొరమీను పులుసు గురించి డ్రైవరుతో చర్చిస్తున్నారు. వెనక వరదానం గారు గొంతు తగ్గించారు.

"ఆ గట్టు మీద కాపలావాడొకడు నీళ్ళలో పడి పోయాడండి. పోయినా డ్యూటీ మానలేదంట. మంచులో ఎవరెళ్ళినా 'ఎవరదీ' అంటాడంట."

"నాకెందుకండీ అవన్నీ?" అంది విజయకుమారి, కొంగు చెవులకి చుట్టుకుంటూ.

అప్పుడే మంచులోంచి "ఎవరదీ?" అని వినిపించింది. విజయకుమారి కెవ్వున అరిచి శేషగిరిరావు గారి మెడ పట్టుకుంది. తీరా చూస్తే గేదెల్ని తోలుకెళ్తున్న ముసలాయన. వరదానం గారు తల బయటికి పెట్టి, "ఏవండీ, ఇటేపు దెయ్యాలేమన్నా..." అని మొదలుపెట్టేలోపు అధ్యక్షుల వారు జీపు పోనిమ్మన్నారు.

హోము మూతపడ్డ రైసుమిల్లులో ఉంది. పొగగొట్టం సగం మంచులోకి పోయింది. అంతమంది పిల్లలున్న చోట ఒక్క గొంతు కూడా వినిపించకపోవడం విజయకుమారికి మొదట వింతగా, తరవాత భయంగా అనిపించింది. లోపల, ధాన్యం ఆరబోసే గచ్చు మీద పిల్లలు మడతల గీతలు పోని కొత్త చొక్కాల్లో వరసగా కూర్చుని ఉన్నారు. సూపర్నెంటు కనకరాజు నోట్లో జర్దా కిళ్ళీతో, నడుముకి తాళాల గుత్తితో, ముంజేతికి బంగారు రంగు వాచీతో చేతులు జోడించి ఎదురొచ్చాడు.

శేషగిరిరావు గారు ప్రశ్నలు చదివారు. "అన్నం బాగా పెడుతున్నారా?"

"బాగా పెడుతున్నారండీ!"

"ఎవరన్నా కొడుతున్నారా?"

"ఎవరూ కొట్టట్లేదండీ!"

"గదిలో పెట్టి తాళం వేస్తున్నారా?"

"వెయ్యట్లేదండీ!"

ఎక్కాలు అప్పజెప్పినట్టు ముక్తకంఠంతో వచ్చాయి జవాబులు. కనకరాజు వినయంగా నేల చూస్తున్నాడు. పిల్లలు కనకరాజుని చూస్తున్నారు. గోడకి ఆనించి చుట్టిన చాప ఒకటి కనిపించి, అదెవరిదని అడిగింది విజయకుమారి.

"నౌషాద్ అని, కలిదిండి వైపు కుర్రోడండి. ఎవరిదో చెరువులో చేపలు పట్టాడని తెచ్చారు. జొరమొస్తే ఆస్పత్రికి పంపామండి," అన్నాడు కనకరాజు.

ఆ మాట పూర్తవుతుండగా గోడ అవతల ఎక్కడో టక్కుమంది. ఆగి మళ్ళీ టక్కుమంది.

"పందికొక్కులండి," అన్నాడు కనకరాజు. పిల్లలందరూ ఒక్కసారే తలలు దించేసుకున్నారు.

"అయితే అంతా సవ్యంగానే ఉంది. రాసెయ్యమ్మా, భోజనానికి పోదాం," అన్నారు అధ్యక్షులు.

అదుగో, అప్పుడు వరదానం గారు గచ్చు మీద పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "అదంతా సరేగానీ అబ్బాయిలూ, ఇక్కడ దెయ్యాలేమన్నా ఉన్నాయంట్రా?"

కనకరాజు నవ్వాడు. అధ్యక్షులు నుదురు కొట్టుకున్నారు. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. చాలాసేపటికి జేమ్స్ అనే బక్కపిల్లాడు, "ఒకటుందండీ," అన్నాడు.

వరదానం గారి కళ్ళు మెరిశాయి. "ఎక్కడుంటదిరా?"

"ఊక గదిలోనండి. ఆ గోడెనక."

"ఎలా ఉంటది?"

"మొహం కనపడదండి. తలుపు సందులోంచి చెయ్యొకటే వస్తదండి."

ఇంకొకడు అందుకున్నాడు. "ఆ చెయ్యికి వాచీ ఉంటదండి. మెరుస్తదండి."

"అది రాకముందే జర్దా వాసనొస్తదండి."

"గలగలమని తాళాల చప్పుడొస్తదండి. చప్పుడొస్తే మేం ఊపిరి కూడా తియ్యమండి."

"రోజూ వస్తదంట్రా?"

"శనోరం రాదండి. ఊరెళ్ళిపోద్దండి."

అధ్యక్షులు ఫక్కున నవ్వారు. ఊరెళ్ళే దెయ్యాన్ని ఎవరు మాత్రం విన్నారు? కనకరాజు మాత్రం ఈసారి నవ్వలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకుని, పక్కకి వెళ్ళి కిళ్ళీ ఉమ్మేసి వచ్చాడు. అది చూసిన విజయకుమారికి చేతిలో పెన్ను ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఇది దెయ్యమే అయితే బాగుండునని ఆమెకి అనిపించింది.

"ఇప్పుడేం చేస్తందిరా అది?" వరదానం గారు ఎంతో తేలిగ్గా అడిగారు.

జేమ్స్ నోరు తెరిచి మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి, "నౌషాద్‌ని మింగిందండి," అన్నాడు. "మొన్నట్నించి కడుపులోనే ఉన్నాడండి. తంతన్నాడండి."

గోడ అవతల టక్కుమంది.

వరదానం గారు లేచి చొక్కా దులుపుకున్నారు. "అధ్యక్షా, నాకు ఆ దెయ్యాన్ని చూపించాలండి."

"ఏంటయ్యా ఈ గోల! అవతల పులుసు చల్లారిపోతుంది."

"ఇన్నేళ్ళుగా అడుగుతున్నానండి, ఒక్కటీ కళ్ళబడలేదు. చూడందే కదలనండి. మీరెళ్ళి తినేసి రండి, నేనిక్కడే కూర్చుంటాను," అంటూ మళ్ళీ చతికిలబడ్డారు.

"ఊక గది తాళంచెవి పోయిందండి," అన్నాడు కనకరాజు. చెమట పట్టిన మనిషి అబద్ధం కూడా సరిగ్గా ఆడలేడు.

శేషగిరిరావు గారికి ఆకలి మించిపోయింది. "పోతే బద్దలు కొట్టవయ్యా! ఈయనకి దెయ్యాన్ని చూపించి పుణ్యం కట్టుకో!" అని కేకేశారు. కమిటీ అధ్యక్షుడి హోదాలో ఆయన ఇచ్చిన ఆదేశాలన్నిట్లోకీ గొప్పది అదే. పాపం, పులుసు కోసం ఇచ్చారు.

పోయిన తాళంచెవి గుత్తిలోనే దొరికింది. తలుపు తెరుచుకోగానే పాత ఊక వాసన గుప్పుమంది. కిటికీ లేని గది. చీకటి. డ్రైవరు కూడా వెనక్కి తగ్గాడు. ముందు లోపలికి వెళ్ళింది ఎవరో కాదు, విజయకుమారి. ఎలా వెళ్ళిందో తనకే తెలియదు. మోకాలి లోతు ఊకలో నడిచి, ఒళ్ళు కాలిపోతున్న పిల్లాణ్ణి గుండెకి అదుముకుని బయటికి తీసుకొచ్చింది. వాడి జుట్టు నిండా ఊక. వెలుతురు చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

శేషగిరిరావు గారు తన శాలువా తీసి వాడికి కప్పారు. పులుసు మాట ఆయనిక ఎత్తలేదు. జిల్లా అధికారులు వచ్చి పిల్లల్ని వేరే చోటికి తరలించేదాకా ఆ గచ్చు మీదే కూర్చున్నారు.

నౌషాద్‌ని ఏలూరు ఆస్పత్రిలో చేర్చి, కబురందుకుని వచ్చిన వాళ్ళమ్మ మరియంబీని పక్కన కూర్చోబెట్టి బయటికొచ్చాక, విజయకుమారి జీపు బానెట్ మీద కాగితాలు పెట్టుకుంది. "గది సంగతి కమిటీకి ఎవరు చెప్పారో రాయాలండి. డిపార్టుమెంటు వాళ్ళు అడుగుతారు. జేమ్స్ పేరు రాయనా?"

"వద్దండి," అన్నారు వరదానం గారు. "వరదానానికి దెయ్యాల పిచ్చి, దెయ్యాన్ని చూస్తానని మారాం చేస్తే తలుపు తీశారు అని రాయండి. జరిగింది కూడా అదేకదండీ."

"నవ్విపోతారండి మిమ్మల్ని!"

"నవ్వనివ్వండి. సూపర్నెంటు కొడుతున్నాడా అంటే ఆ పిల్లలు చెప్పరండి. మనం వెళ్ళిపోయాక మళ్ళీ అతని దగ్గరే ఉండాలన్న భయం కదా. దెయ్యం మీద చాడీలైతే ఎవరికీ కోపం రాదు. నన్ను చూసి నవ్వుకునేవాళ్ళు, ఎవడు చెప్పాడని ఆ పిల్లల వెంట పడరండి."

ఆయనంటే గౌరవం పుట్టినందుకు విజయకుమారికి తన మీద తనకే ఆశ్చర్యం వేసింది. తరవాత ఆయన చెప్పినట్టే, ఒక్క పిల్లాడి పేరు లేకుండా రాసింది.

నివేదిక సభలో చదివిన రోజున "గౌరవ సభ్యులు వరదానం గారు దెయ్యాన్ని చూడనిదే భోజనానికి రానని పట్టుబట్టగా" అన్న వాక్యం దగ్గర సభంతా గొల్లుమంది. రెండు పక్షాలూ బల్లలు చరిచాయి. మంత్రి గారు కళ్ళు తుడుచుకున్నారు. లేచి నిలబడి అందరికీ నమస్కారాలు పెడుతూ వరదానం గారు కూడా విరగబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే, కనకరాజుని సస్పెండ్ చెయ్యాలనీ, పిల్లల్ని ఉంచే ఏ హోములోనూ బయటినించి తాళం పడే గది ఉండకూడదనీ కమిటీ చేసిన సిఫార్సులు, కాదనడం ఎవరికీ తోచక ఆమోదం పొందేశాయి.