కుడి చేతి మూడు వేళ్లు

మధ్యాహ్నం పన్నెండు ఇరవైకి మా లారీలు నరసాపురం దగ్గర ఏటిగట్టు మీద ఆగాయి. వాన తెరిపిచ్చింది, గాలి మాత్రం తగ్గలేదు. ఎదురుగా వశిష్ఠ గోదావరి, టీ రంగులో, కొబ్బరిచెట్ల మొదళ్లు కనపడకుండా. రెండు రబ్బరు బోట్లు, రెండు మోటార్లు, నలభై లైఫ్ జాకెట్లు, పద్దెనిమిది మంది జవాన్లం. నాది రామచంద్రపురం. పదిహేనేళ్ల సర్వీసులో సొంతగడ్డ మీద డ్యూటీ పడింది ఆ ఒక్కసారే. మొన్న సన్మాన సభలో మీరు నాకు శాలువా కప్పి, "వరదల్లో దేవుడే మిమ్మల్ని పంపాడండి" అన్నారు. ఆ మాటంటే నాకు ఒళ్లు మంట. ఎందుకో చెబుతాను.

సుబేదార్ సాబ్ ఆర్డర్ ఒక్కటే. "సాయంత్రం ఐదున్నర దాటాక ఏ బోటూ నీళ్లలోకి దిగదు."

మాకు ఎదురుగా ఏటి మధ్య ఉన్న లంక అప్పగించారు. నా బోటు నడిపేది ఒక నాయక్, నాకంటే ఒక ర్యాంకు కింద, విజయనగరం వైపు వాడు. మోటారు చప్పుడు విని జబ్బేంటో చెప్పేవాడు. రెండు ట్రిప్పుల్లో పదహారు మందిని గట్టు చేర్చాం. చర్చి అరుగు మీద ఏడుగురు మిగిలారు. మేం రామన్నారు. అందరి తరఫునా మాట్లాడింది ఒక పెద్దావిడ, లేసు అల్లే మనిషి.

"నీళ్లు రెండో మెట్టు దాటకూడదని అడిగామండి. దాటనివ్వడు."

"ఎవర్ని అడిగారు?"

"తండ్రిని బాబూ." పక్కింటాయన సంగతి చెప్పినట్టు చెప్పింది.

వాదించే టైము లేదు. ఫోన్లు పనిచెయ్యడం లేదు. "రెండో మెట్టు మునిగితే చర్చి గంట కొట్టండి. వెంటనే వస్తాం," అన్నాను. ఆవిడ సరేనంది.

ఆరింటికి గంట మోగింది.

రేడియో ఆపరేటర్ తల తిప్పాడు. "లంక నుంచి గంట. ఏం చెప్పమంటారు సాబ్?"

సుబేదార్ సాబ్ వాచీ చూసుకున్నాడు. తన ఆర్డర్ తనే దాటాడు. "వెళ్లండి. చీకటి పడకముందే వెనక్కి రావాలి."

కొట్టుకొస్తున్న దుంగల్ని తప్పించుకుంటూ పన్నెండు నిమిషాల్లో చేరాం. రెండో మెట్టు పొడిగా ఉంది. ఏడుగురూ మోకాళ్ల మీద, కళ్లు మూసుకుని ఉన్నారు.

"గంటెందుకు కొట్టారు?" అని అరిచాను.

పెద్దావిడ కళ్లు తెరిచింది. "ఆరయింది కదండీ. ప్రార్థనకి నింపాదిగా మూడు కొడతాం. ఆపదొస్తే ఆపకుండా కొడతాం. ఊరందరికీ తెలుసండి."

ఊరందరికీ తెలుసు. మాకు తెలియదు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఏడుగురినీ రెక్క పట్టుకుని బోటెక్కించాను. ఆఖరున పెద్దావిడ. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు బోటులో ఉండగా ప్రవాహం బోటుని లాగింది. అరుగు స్తంభానికి కట్టిన తాడు కొస నాయక్ చేతిలో ఉంది. ఆవిడ పడిపోతుందని దాన్ని చేతికి చుట్టుకుని బిగబట్టాడు. అలా చుట్టుకోకూడదని మాకు ట్రైనింగ్‌లో మొదటిరోజే నేర్పుతారు.

ఆవిడ బోటులోకి వచ్చేసింది. తాడు బిగుసుకుని వాడి కుడి చేతి మూడు వేళ్లు పోయాయి.

వాడు అరవలేదు. "హవల్దార్ సాబ్, మోటారు మీరు తీసుకోండి," అన్నాడు.

తెల్లారేసరికి నీళ్లు చర్చి కిటికీలకి తగిలాయి. ఆ సంగతి దాచను. దాచలేను గనకే కోపం ఇంకా ఎక్కువ.

మూడో రోజు పునరావాస శిబిరానికి వెళ్లాను. ఒక స్కూలు హాలు. పెద్దావిడ నిలబడి సాక్ష్యం చెబుతోంది. గంట కొట్టామనీ, తండ్రి బోటు పంపాడనీ. అందరూ చేతులెత్తి స్తోత్రం చెబుతున్నారు. నేను తలుపు దగ్గర నుంచే అన్నాను.

"బోటు పంపింది మా సుబేదార్. దానికి మా వాడి వేళ్లు పోయాయి. అది కూడా చెప్పండి."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. క్షమించమంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏడవాలనే కోరుకున్నాను.

"ఏ చెయ్యి బాబూ?" అంది.

"కుడి."

"ఏ వేళ్లు?"

చెప్పాను. అక్కడే మోకరించింది. కుడి చెయ్యి పైకెత్తి, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు మడిచింది. లేసు దారం రాసుకుని చూపుడువేలు కాయ కాచి ఉంది. "తండ్రీ, ఇవి. ఇవి మళ్లీ మొలిపించు. ఆ బాబు పనిచేసుకోవాలి," అంది. మందు చీటీ పట్టుకుని షాపువాడికి చూపించినట్టు ఆ చెయ్యి అలాగే పట్టుకుంది. నేను బయటికొచ్చి గోడని గుద్దాను.

పదకొండో రోజు ఉదయం ఏడింటికి తిరుగు ప్రయాణం. నాయక్ అప్పటికే మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నాడు. తర్వాత వాణ్ణి సర్వీసు నుంచి ఇంటికి పంపేశారు. ఇప్పుడు ఎడమ చేత్తో సంతకం నేర్చుకున్నాడు. పండక్కీ పబ్బానికీ ఫోన్ చేస్తాడు. ఆవిడ అడిగిన సంగతి వాడికి ఇంతవరకూ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాదు.

ఆ ఉదయం లారీలు కదిలేటప్పుడు గట్టు మీద జనం చేతులు ఊపారు. ఆవిడ ఊపలేదు. జనంలోంచి ముందుకొచ్చి, నన్ను కళ్లతో వెతికి పట్టుకుని, కుడి చెయ్యి పైకెత్తింది. మూడు వేళ్లు మడిచి ఉన్నాయి. ఇంకా అడుగుతూనే ఉన్నానని నాకు చెబుతోంది.

నేను చెయ్యి ఎత్తలేదు. మలుపు తిరిగేదాకా ఆవిడ దించలేదు.