రెండు మూరల అరుగు

ఆ అరుగు అడిగింది నేనే. ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను ఆ మాట అనలేదు. అందుకే నేనే అంటున్నాను.

ధర్మవరం ఊరి చివర, రాళ్ళూ తంగేడు పొదలూ తప్ప ఏమీ లేని మెరక మీద మా కాలనీ లేచింది. డెబ్బైల నాటి సంగతి. ఇరవై చేనేత కుటుంబాలకు ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. ఇంకెవరైనా అయితే ముందు తమ గడప చూసుకునేవాళ్ళు. మావాళ్ళు వీధిని చూసుకున్నారు. పట్టుచీర నేయాలంటే పడుగును, అంటే నిలువు పోగులన్నిటినీ, మగ్గానికి ఎక్కించే ముందు ఆరుబయట బారుగా సాగదీయాలి. దానికి వీధి తిన్నగా ఉండాలి. పడుగు పక్కనుంచి బండి పోయేంత చోటూ ఉండాలి. అందుకని ప్రతి ఇంటివాళ్ళూ తమ స్థలంలో ముందువైపు రెండు మూరలు వీధికి వదిలేశారు. కాగితం లేదు, సంతకం లేదు, నోటి మాటే.

పక్కింటి పెద్దనాయన మాకు చుట్టమేమీ కాదు, వరస కలుపుకున్నాం. అమ్మ ఆయన్ని బావా అని పిలిచేది. ఆయనకు మగ్గం లేదు. వీధిలో అందరి పడుగులూ సాగదీసి ఇచ్చేవాడు. ఆయనకూ పెద్దమ్మకూ అదే బతుకుతెరువు. తెల్లవారి గాలి లేవకముందే రెండు కొసలా కొయ్యలు పాతి పడుగు బిగిస్తే, పిలవకుండానే ఇంటికొకరు వచ్చి పట్టుకునేవాళ్ళు. ఆయన వంగి నడుస్తూ తెగిన పోగులు ముడివేసేవాడు.

"ఏయ్ పాపా, ఊపిరి మెల్లగా ఇడువు. పోగులు అదురుతాండాయి" అనేవాడు నాతో. నేను పిచ్చిమొద్దును, నిజమేననుకుని ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు, ఊళ్ళో ఉండే మా బడి స్నేహితురాలి ఇంటికి పోయాను. వాళ్ళకు నున్నటి అరుగు ఉంది. దాని మీద కూర్చుని అచ్చనగాయలు ఆడుకున్నాం. ఇక ఇంటికొచ్చి నాయన ప్రాణం తీశాను. అన్నం మానేశాను కూడా.

"అది వీధికిచ్చిన జాగా. ముట్టుకుంటే బాగుండదు" అంది అమ్మ.

నాయన నన్ను వెంటబెట్టుకుని పెద్దనాయన దగ్గరికి పోయాడు. ఆయన నా ఏడుపు మొహం చూసి నవ్వాడు. "బిడ్డ అడుగుతాండాది, కట్టుకోప్పా. రెండు మూరలకు ఏమయితాది?"

ఏమవుతుందో ఏడాదిలోనే తెలిసింది. మా అరుగు చూసి ఎదురింటివాళ్ళు కట్టారు. ఆ పక్కవాళ్ళు మెట్లు దింపారు, ఇంకొకరు మేకలకు కొట్టం వేశారు. అడిగితే అందరిదీ ఒకటే మాట, వాళ్ళు కట్టంగా లేనిది మేం కడితే తప్పొచ్చిందా అని. పడుగు వేసినప్పుడు పక్కన సైకిలు పోవడమే కష్టమైంది.

ఎనభైల్లో ఒక ఏడు వాన మొహం చూడలేదు. వీధిలో బోరింగు కొడితే గాలి తప్ప చుక్క రాలేదు. నాలుగు రోజులకొకసారి నీళ్ళ ట్యాంకరు వచ్చేది. ఒకరోజు పొద్దున చివరింటివాళ్ళ పడుగు వీధిలో ఉండగానే వచ్చింది. పోవడానికి చోటు లేదు.

"పడుగు తీయండప్పా! నాకింకా మూడు వీధులుండాయి. తీయకుంటే ఎనక్కి పోతా!" అని డ్రైవరు అరిచాడు.

"రవ్వంత తాళు నాయనా. పోగులు సగం కూడా ముడేయలేదు" అని పెద్దనాయన చేతులు జోడించాడు.

ఎవరు తాళుతారు? నాలుగు రోజులుగా కడవలు ఎండిపోయి ఉన్నాయి. "తీసెయ్ అన్నా, నీళ్ళు పోతాండాయి!" అని ఆడా మగా కేకలు పెట్టారు. పడుగు పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదిలేసి బిందెల కోసం పరుగెత్తాయి. నేనూ పట్టుకుని ఉన్నాను. నేనూ వదిలేశాను. మా అమ్మ రెండు బిందెలతో అప్పటికే ముందు నిలబడింది.

చివరికి పెద్దనాయనే తన చేత్తో కొయ్య పీకేశాడు. బిగువు తప్పిన పట్టు దుమ్ములో కుప్పగా పడి చిక్కుపడిపోయింది. దాన్ని ఒళ్ళోకి తీసుకుని గోడకు ఒదిగి, "పట్టుకోండి తల్లీ, నీళ్ళు పట్టుకోండి" అన్నాడు.

చివరింటివాళ్ళూ ఆ రోజు బిందెలకే పరుగెత్తారు. తరవాత మాత్రం, మా పడుగు పాడుచేశాడని ఆయన్నే ఆడిపోసుకున్నారు. ఎంత సిగ్గులేని జనం మేము! అందరూ పడుగులు పక్కవీధికి పంపడం మొదలుపెట్టారు. మా నాయన కూడా. పెద్దనాయన కొన్నాళ్ళు పొద్దున్నే కొయ్యలు పట్టుకుని గడపలో కూర్చునేవాడు. ఎవరూ పిలవలేదు. కొన్ని నెలలకు బెంగళూరులో వాచ్‌మన్ పని దొరికిందని భార్యాభర్తలిద్దరూ మూటలు కట్టారు.

పోయే రోజు మా అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. బండను చేత్తో తడిమి, "నీ అరుగు సల్లగా ఉండాది పాపా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, మనసారా అన్నాడు. అంతకన్నా నా చెంప పగలగొట్టినా బాగుండేది.

మరునాడు నాయన గునపం తెచ్చి అరుగు పగలగొట్టాడు. వీధిలో ఇంకెవరూ పగలగొట్టలేదు. ఒక్క ఇంటి ముందు రెండు మూరలు ఖాళీ అయితే ఏ పడుగు పోతుంది? అయినా అమ్మ బతికినన్నాళ్ళూ ఆ చోటు ఊడ్చి కల్లాపి చల్లేది. ఎవరైనా అక్కడ సైకిలు నిలబెడితే కసురుకునేది.

"తీయప్పా దాన్ని. అది మా బావ పడుగుకిచ్చిన జాగా."